ఊఁ కొట్టేవారు లేని కథలు: శ్రవ్యగ్రంథాలలో గ్రీకు, నార్సు పురాణాలు

వినేవారు ఊఁ కొట్టకపోతే కథ సాగదని మన ఇళ్ళలో పెద్దలకు గట్టి నమ్మకం. ఊఁ ఆగిందంటే పిల్లవాడు నిద్రపోయాడన్నమాట. కథ కూడ అక్కడికి ఆగిపోయేది. ఇప్పుడు మన పిల్లలు వింటున్న కథలకు ఈ ఊఁ తో పని లేదు. చెవులకు గొట్టాలు తగిలించుకొని పడుకుంటే, వేల మైళ్ళ అవతల ఎవరో ఎన్నడో చదివి ఉంచిన కథ తెల్లవార్లూ సాగుతూనే ఉంటుంది. వినేవాడు నిద్రపోయిన సంగతి దానికి తెలియదు.

బెంగుళూరులో గాని, హోసూరులో గాని, బరంపురంలో గాని, షోలాపురంలో గాని, యానాంలో గాని, మన కుటుంబాల పిల్లలను పిలిచి జియస్ ఎవరి కొడుకని అడగండి, తడుముకోకుండా చెబుతారు. ఓడిన్ కు ఒక కన్ను ఎందుకు లేదో కూడ చెబుతారు. గరుత్మంతుడి తల్లి ఎవరంటే మాత్రం కొందరు అమ్మ మొగం చూస్తారు. దీనికి పిల్లల మీద విసుక్కొని లాభం లేదు. ఆ కథలు వారికి కమ్మగా చెప్పినవారు దొరికారు, విన్నారు. కాబట్టి ఆ చెప్పినవారు ఎవరు, వారు చెప్పేది మూలానికి ఎంత దగ్గర, ఆ కథల పుట్టుపూర్వోత్తరాలు ఏమిటి అనేది తలిదండ్రులమైన మనకు తెలియటం మంచిది. ఆడియోబుక్కులని పిలువబడే ఈ శ్రవ్యగ్రంథాలలో ముఖ్యమైనవాటిని మేము శ్రద్ధగా విన్నాము. మాకు తోచినది ఈ ఉగాది సంచికలో మనవి చేస్తున్నాము.

శ్రవ్యగ్రంథం వినోదం కోసం పుట్టినది కాదు. 1877లో ఎడిసన్ తన యంత్రంలోకి ఒక పిల్లల పాట పలికి మానవకంఠాన్ని నిలవచేసిన నాటినుంచి, పుస్తకాలను కూడ ఇట్లా నిలవచేయవచ్చుననే ఆశ ఉన్నది. అయితే ఒక గ్రామఫోను పళ్ళెంలో కొద్ది నిమిషాల మాటే పట్టేది. 1930 తరువాత అమెరికాలోను, ఇంగ్లండులోను నెమ్మదిగా తిరిగే పళ్ళేలు తయారుచేసి చూపులేనివారికోసం పుస్తకాలు చదివించటం మొదలు పెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో కళ్ళు పోగొట్టుకొన్న సైనికులు ఎందరో ఉండటం ఇంగ్లండులో ఈ పనికి ఒక ముఖ్యకారణం. 1935లో అక్కడ వెలువడిన తొలి గ్రంథాలలో అగాథా క్రిస్టీ అపరాధపరిశోధక నవల ఒకటి. ఒక్క నవల వినటానికి పెట్టెడు పళ్ళేలు మోసుకు రావలసివచ్చేది. 1952లో న్యూయార్కులో ఇద్దరు పడుచువారు, బార్బరా కోహెన్, మారియన్ రోనీ అనేవారు, కవులచేత వారి పద్యాలు చదివించి అమ్మే సంస్థను పెట్టారు. దానికి కాడ్మన్ అని పేరు. కాడ్మన్ అనేవాడు 7వ శతాబ్దిలో ఇంగ్లండులో అక్షరం ముక్క రాని పశువులకాపరి. కలలో ఎవరో పాడమంటే పాడి కవి అయినాడని అక్కడివారి ఐతిహ్యం. ఎంత ఉచితమైన పేరు! పిమ్మట క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి. 1995లో ఆడిబుల్ అనే సంస్థ ఏర్పడి, 1997లో చేతిలో ఇమిడే యంత్రాన్ని అమ్మింది. 2008లో ఆ సంస్థను అమెజాన్ కొన్నది. ఆ యంత్రం పని నేడు ఫోనే చేస్తున్నది.

ఇక కథలు. గ్రీకులకు హోమర్ చెప్పినవిగా ప్రసిద్ధమైన ఇలియడ్, ఒడిస్సీ సుమారు 15 వేలు, 12 వేల పాదాల కావ్యాలు. ఇవి చదువుకొనటానికి పుట్టినవి కావు. ఉత్సవాలలో, విందులలో పాడగా విన్నవి. ఒడిస్సీ ఎనిమిదవ సర్గలో డెమోడోకస్ అనే అంధగాయకుడు రాజసభలో ట్రాయ్ యుద్ధాన్ని గానం చేస్తుంటే, ఊరూ పేరూ చెప్పకుండా అక్కడ అతిథిగా కూర్చున్న ఒడిస్సియస్ ముసుగు కప్పుకొని కన్నీరు కారుస్తాడు. తన కథే తను వింటున్నాడు! రామకథను కుశలవులు గానం చేస్తే రాముడు విన్న ఘట్టం మనకు వెంటనే స్ఫురిస్తుంది. పిమ్మట నాలుగు సర్గలు ఒడిస్సియసే తన ప్రయాణాన్ని వారికి చెబుతాడు. కథలో కథకుడు, ఆ కథకుడి నోట మరొక కథ. ఇదంతా చెవికోసం కట్టిన కట్టడమని వేరే చెప్పనక్కరలేదు.

ఆ కట్టడం ఎట్లా నిలిచిందో నిరూపించినవాడు మిల్మన్ పారీ అనే అమెరికా పండితుడు. హోమర్ లో ఒకే విశేషణాలు, ఒకే పాదాలు మాటిమాటికీ రావటం లోపం కాదనీ, వ్రాత లేకుండా అప్పటికప్పుడు పద్యం అల్లే గాయకుడికి అవి ఊతకర్రలనీ ఆయన కనిపెట్టాడు. 1933 మొదలు 1935 వరకు యుగోస్లావియా పల్లెలు తిరిగి, అల్యూమినియం పళ్ళేలు 3500 పైగా నింపి తెచ్చాడు. చదువురాని అవ్‌దో మెజెదోవిచ్ అనే రైతు 12 వేల పాదాలు దాటిన పెళ్ళికథ ఒకటి ఆయనకు పాడి వినిపించాడు. ఒడిస్సీ ఎంతో అదీ అంత! 1935లోనే పారీ అకాలమరణం చెందగా శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ పరిశోధనను 1960లో గ్రంథంగా ప్రకటించాడు. ఆ గ్రంథం చెప్పేదాంట్లో మనకిక్కడ కావలసినది ఒక్కటి. అటువంటి గాయకుడు ఒకే కథను రెండుసార్లు ఒకే విధంగా పాడడు. వినేవారికి ఓపిక ఉంటే పెంచుతాడు, విసుగు పుడితే కుదిస్తాడు. మన హరికథకులు, బుర్రకథకులు చేసేదీ అదే.

నార్సు పురాణాల చరిత్ర వేరు. ప్రవాసులమైన మనం దాన్ని కొంచెం నిలిచి వినవలసి ఉన్నది.

థార్, ఓడిన్, లోకి, ఫ్రెయా మొదలైన దేవతలు నార్వే, స్వీడన్, డెన్మార్కు దేశాలవారు కొలిచినవారు. కాని ఆ కథలు నేడు మనకు ముఖ్యంగా ఆ దేశాలవల్ల దక్కలేదు. 870 ప్రాంతం నుంచి సుమారు 60 ఏళ్ళపాటు నార్వేనుంచి జనం పడవలెక్కి, నడిసముద్రంలో మంచుకొండలు, అగ్నిపర్వతాలు తప్ప మరేమీ లేదనిపించే ఐస్లండు దీవికి వలసపోయారు. హెరాల్డ్ రాజు ఒత్తిడి పడలేక వెళ్ళామని వారి సంప్రదాయం చెబుతుంది. 930లో తమ సభను తాము ఏర్పరచుకొన్నారు. 1000 ప్రాంతంలో ఆ సభే కూర్చొని, అందరమూ క్రైస్తవమతం పుచ్చుకొందామని తీర్మానించింది. మతం మారింది గాని, తాతముత్తాతల పద్యాలను వారు పారవేయలేదు. పారవేస్తే తమ కవిత్వమే అర్థం కాదు. వారి కవులు బంగారాన్ని బంగారమనరు, సిఫ్ జుట్టు అంటారు. థార్ భార్య సిఫ్ జుట్టును లోకి కత్తిరించటం, దానికి బదులు మరుగుజ్జు కమ్మరులు బంగారుతో జుట్టు చేసి ఇవ్వటం తెలియనివాడికి ఆ పద్యం బోధపడదు. శంబరాసురుడి కథ తెలియనివాడికి శంబరారి అంటే మన్మథుడని తెలియనట్లే.

ఈ చిక్కు చూసి స్నోరి స్టర్లుసన్ అనే ఐస్లండు పెద్దమనిషి 1220 ప్రాంతంలో యువకవులకోసం ఒక లక్షణగ్రంథం వ్రాశాడు. దాని పేరు ఎడ్డా. ఛందస్సు చెప్పబోయి, దానికి ముందు పురాణమంతా వచనంలో చెప్పాడు. ఆయన క్రైస్తవుడు. కనుక ముందుమాటలో ఈ దేవతలు నిజానికి ఆసియానుంచి వచ్చిన మనుషులేననీ, థార్ ట్రాయ్ రాజు ప్రియాముడి కూతురి కొడుకనీ ఒక చిత్రమైన వంశవృక్షం ఉన్నది. గ్రీకు కథకు, నార్సు కథకు ఇట్లా చుట్టరికం కలిపినది 13వ శతాబ్ది! 1241లో నార్వే రాజు పక్షంవారు స్నోరిని ఆయన ఇంటి నేలమాళిగలోనే చంపించారు. ఆయన గ్రంథం మాత్రం మిగిలింది. ఆయనకు ఆధారమైన పాతగీతాల వంటివే ఉన్న మరొక వ్రాతప్రతి, 45 తోలు ఆకులది, 1643లో ఒక బిషప్పు చేతికి చిక్కింది. మధ్యలో 8 ఆకులు పోయాయి. అవి ఏమయినాయో నేటికీ తేలలేదు. 1662లో దాన్ని డెన్మార్కు రాజుకు కానుకగా పంపారు. మూడు శతాబ్దాలు పరాయిచోట ఉండి, 1971 ఏప్రిల్ 21న అది ఓడలో తిరిగి వచ్చింది. ఆనాడు రేక్యవిక్ రేవులో జనం కిక్కిరిసి నిలబడ్డారు. రాజుగారు రాలేదు, సేనాపతి రాలేదు. అరచేతులంత ఆకుల పుస్తకం వచ్చింది.

పుట్టింట చెదిరిపోయినదాన్ని వలసపోయినవారు దాచి ఉంచారు. తంజావూరు నాయకరాజుల కాలంలో తెలుగు యక్షగానం తమిళదేశంలో వికసించిన సంగతి మనకు కొత్త కాదు. కావేరీతీరాన మెలట్టూరులో నరసింహజయంతి రోజులలో వెంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకాలు ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు. వింటున్నవారిలో చాలమంది తమిళులు.

సరే, శ్రవ్యగ్రంథాల సంగతికి వద్దాము. గ్రీకు కథలలో మన ఇళ్ళకు ఎక్కువగా వచ్చినది స్టీఫెన్ ఫ్రై వ్రాసి, తానే చదివిన మిథోస్. ఇది 2017లో వచ్చింది. తరువాత వీరుల కథలు 2018లో, ట్రాయ్ 2020లో, ఒడిస్సీ 2024లో వచ్చాయి. ఫ్రై హాస్యనటుడు. ఇంగ్లండులో హ్యారీ పాటర్ కథలన్నీ చదివి వినిపించిన గొంతు ఆయనది. మొదటి పుస్తకమే సుమారు 15 గంటలు సాగుతుంది, అయినా విసుగు పుట్టదు. ఎందుకంటే ఆయనకు పిట్టకథ చెప్పటం తెలుసు. ఎకో అనే వనకన్య కథ చెబుతూ, ప్రతిధ్వనికి ఆంగ్లంలో ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పి, మళ్ళీ దారిలోకి వస్తాడు. మన హరిదాసు ఒకరు చిడతలు వదలి కోటు తొడుక్కొన్నట్లుంటుంది. పండోరా చేతిలోనిది పెట్టె కాదు, కుండ అనే విషయం కూడ ఆయన సరిగా చెప్పాడు. హెసియడ్ అన్నది కుండే. 16వ శతాబ్దిలో ఎరాస్మస్ పండితుడు లాటిన్ లోకి తెచ్చేటప్పుడు అది పెట్టెగా మారింది, ఇక లోకమంతా పెట్టే అంటున్నది.

అయితే ఫ్రైని గురించి మాకు రెండు అభ్యంతరాలున్నాయి. ఆయన దేవతలు అందరూ మంచి బడిలో చదువుకొన్న ఇంగ్లీషు దొరల మాదిరిగా ఒకరినొకరు ఎత్తిపొడుచుకొంటారు. నవ్వు వస్తుంది. కాని అపోలోతో పోటీకి దిగి ఓడిన మార్సియాస్ చర్మం ఒలిపించుకొన్న కథ విన్నప్పుడు ఒళ్ళు జలదరించాలి గదా! అంతకు ముందు అరగంటనుంచి నవ్వుతూ వచ్చిన చెవికి ఆ జలదరింపు పూర్తిగా అందదు. రెండవది చరిత్రకు సంబంధించినది. హెసియడ్ క్రీస్తుకు పూర్వం 700 ప్రాంతంవాడు. ఎకోను, నార్సిసస్ ను ఒక కథగా మనకు అందించిన ఓవిడ్ రోమను కవి, క్రీస్తుశకారంభం నాటివాడు. సైకీ అనే సుందరి, మన్మథుడు ప్రేమించుకొన్న కథ చెప్పిన అపులేయస్ 2వ శతాబ్దిలో ఆఫ్రికాలో పుట్టి లాటిన్ లో వ్రాసినవాడు. వీరందరి మధ్య 800 ఏళ్ళకు పైగా దూరం. ఒకే గొంతు, ఒకే హాస్యం కింద వీరంతా ఒకనాటివారే అనిపిస్తుంది. కాగితం మీద అయితే పుటలు వెనక్కి తిప్పవచ్చు. చెవికి పొరలు తెలియవు. వేదంలోని ఇంద్రుణ్ణీ, పోతన ఇంద్రుణ్ణీ, నాటకాల ఇంద్రుణ్ణీ కలిపి ఒకే ఇంద్రుడిగా మన పిల్లలకు చెబితే ఎట్లా ఉంటుందో అట్లా ఉన్నది.

చిన్నపిల్లలు విడిగా వినదగినది కాదని కూడ చెప్పాలి. క్రోనస్ తండ్రిని కొడవలితో ఖండించటంతోనే ఆ పురాణం మొదలవుతుంది.

నార్సు కథలలో నీల్ గేమన్ వ్రాసి చదివినది అందరికీ తెలిసినది. ఇది కూడ 2017దే. ఆరున్నర గంటల పుస్తకం. ఈయన పద్ధతి ఫ్రైకి పూర్తిగా విరుద్ధం: పొట్టి వాక్యాలు, తక్కువ వర్ణన, మాటకు మాటకు మధ్య విరామం. ముందుమాటలో తాను చిన్నతనంలో థార్ ను మొదట అమెరికా బొమ్మలకథలలో కలుసుకొన్నాననీ, ఈ పుస్తకానికి స్నోరినీ, పాతగీతాలనూ ఆధారం చేసుకొన్నాననీ చెప్పుకొన్నాడు. దేవీమూర్తుల కథలు చాలవరకు నశించాయని విచారించాడు కూడ. ఆ విచారం న్యాయమైనదే. కొందరు దేవతల పేర్లు తప్ప మనకేమీ మిగల్లేదు.

మా దృష్టిలో శ్రవ్యగ్రంథంగా ఇది ఫ్రై పుస్తకంకంటె ఒక మెట్టు పైన ఉన్నది. థార్ సుత్తి దొంగిలించిన రాక్షసుడు ఫ్రెయాను పెళ్ళి చేస్తే తిరిగి ఇస్తానంటాడు. థార్ పెళ్ళికూతురి వేషం వేసుకొని వెళ్ళి ముసుగులో కూర్చుంటాడు. మూలగీతంలో ఆ పెళ్ళికూతురు ఒక ఎద్దును, ఎనిమిది సాల్మను చేపలను ఒక్కతే తినేస్తుంది. పెళ్ళికొడుకు నోరు తెరిస్తే, పక్కన చెలికత్తె వేషంలో ఉన్న లోకి, పాపం నీమీద మోజుతో ఎనిమిది రాత్రులు పస్తున్నదని సర్దుతాడు. చివరకు వధువును దీవించటానికి సుత్తి తెచ్చి ఒళ్ళో పెడతారు. తరువాత ఏమయిందో చెప్పాలా? నర్తనశాలలో కీచకుడికోసం చీకట్లో కాచుకొన్న భీముణ్ణి ఎరిగిన తెలుగు పిల్లవాడు ఈ కథ సగంలోనే చప్పట్లు కొడతాడు. ఫెన్రిర్ తోడేలును కట్టిన దారం కథ కూడ చెవికే తగినది. పిల్లి అడుగుల చప్పుడు, ఆడదాని గడ్డం, కొండ వేళ్ళు, ఎలుగుబంటి నరాలు, చేప ఊపిరి, పక్షి ఉమ్మి అనే ఆరింటితో మరుగుజ్జులు దాన్ని పేనారు. లోకంలో అవి కనిపించకపోవటానికి అదే కారణమట. మన కుందేటి కొమ్ము వీటి పక్కన చేర్చదగినది.

గేమన్ లోనూ ఒక లోటున్నది. నున్నగా చెక్కటంలో పాతగీతాల గరుకు పోయింది. ప్రళయం తరువాత కొత్తపచ్చికలో పాతదేవతల బంగారు పాచికలు దొరకటం మూలంలో రెండు మూడు మాటలలో ఉన్నది. ఆ ఘట్టం క్రైస్తవం తెలిసిన నోట మారిందా, అంతకుముందుదేనా అనే వాదం పండితులలో ఉన్నది. ఆ సందేహం వినేవారిదాకా రాదు. కథకు అది అవసరం లేదు కాబోలు, చరిత్రకు అవసరం.

అసలు కావ్యాన్నే వినాలనుకొనే పెద్దపిల్లలకు ఒడిస్సీ అనువాదాలున్నాయి. రాబర్ట్ ఫేగల్స్ 1996లో చేసిన అనువాదాన్ని ఇయన్ మెకెల్లెన్ చదివాడు. గాండాల్ఫ్ వేషం వేసిన వృద్ధనటుడంటే పిల్లలు గుర్తుపడతారు. పదమూడు గంటలకు పైగా సాగే ఈ పఠనం మాకు అన్నిటికంటె గంభీరంగా తోచింది. తుఫాను ఘట్టంలో ఆయన ఊపిరి కూడ పద్యంలో భాగమే. ఎమిలీ విల్సన్ 2017లో ప్రకటించిన అనువాదాన్ని క్లేర్ డేన్స్ అనే అమెరికా నటి చదివింది. ఒడిస్సీని పూర్తిగా ఆంగ్లీకరించి ప్రకటించిన స్త్రీలలో విల్సన్ మొదటిది. మూలంలో ఎన్ని పాదాలో అన్నే పాదాలు, తేలికమాటలు. డేన్స్ కంఠంలో నాటకం లేదు. కొందరికి చప్పగా ఉండవచ్చు. ఆ అనువాదానికి అదే తగుననుకొంటాము. ఈ రెండిటినీ ఇరవై రెండవ సర్గలో పక్కపక్కన విని చూడండి. దుష్టులతో కలిశారన్న నేరానికి పన్నెండుమంది పనికత్తెలను ఉరితీసే చోటు అది. వెనుకటి అనువాదాలలో ఆ స్త్రీలకు మూలంలో లేని తిట్లు చేరాయని విల్సన్ ఆక్షేపణ. ఆమె వారిని దాసీలుగా, కొనితెచ్చిన బానిసలుగానే పిలిచింది. తిట్టు వినిపించిన చెవికి శిక్ష న్యాయంగా తోస్తుంది. బానిస అనే మాట వినిపించిన చెవి ఉలిక్కిపడుతుంది. ఒక్క మాటతో తీర్పు తారుమారవుతున్నది.

మ్యాడలీన్ మిల్లర్ వ్రాసిన సర్సీ వేరే జాతిది. ఇది నవల, 2018లో వచ్చింది, చదివినది పెర్డిటా వీక్స్. ఒడిస్సియస్ అనుచరులను పందులుగా మార్చిన మంత్రగత్తె సర్సీ, హోమర్ లో ముఖ్యంగా ఒక్క సర్గలో కనిపించే పాత్ర. ఆమెనే కథానాయికను చేసి, ఆమె నోటనే మొదటినుంచి చెప్పించారు. ఇది స్వకపోలకల్పితమని కొట్టివేయటానికి వీలులేదు. సర్సీ కొడుకు చేతిలో ఒడిస్సియస్ మరణించటం నశించిపోయిన ఒక పాతకావ్యంలో ఉన్నదని గ్రీకులే చెప్పారు. హోమర్ ఆమెను మానవస్వరం గల దేవత అన్నాడు. రచయిత్రి ఆ ఒక్క విశేషణాన్ని పట్టుకొని నవలంతా అల్లింది. వీక్స్ కొంచెం బరువైన, కొంచెం వణికే గొంతుతో చదివినప్పుడు ఆ విశేషణం రూపుకడుతుంది. కాగితం మీద ఇది సాధ్యం కాదు. సీత అహల్యనూ, శూర్పణఖనూ కలుసుకొని మాట్లాడినట్లు ఓల్గాగారు వ్రాసిన విముక్త కథలను మెచ్చుకొన్న ఇళ్ళలో ఈ నవల కూడ తప్పక నచ్చుతుంది. దాన్ని మూలపురాణమని మాత్రం పిల్లలు పొరబడకూడదు.

పర్సీ జాక్సన్ కథలను గురించి రెండు మాటలు. 2005లో మొదలైన ఈ వరుసలో గ్రీకు దేవతలు అమెరికాకు వలసపోయి న్యూయార్కులో ఒక ఆకాశహర్మ్యం పై అంతస్తులో కాపురం పెడతారు. చదువులో కష్టపడుతున్న తన కొడుకును పడుకోబెట్టేటప్పుడు రిక్ రియార్డన్ చెప్పిన కథ ఇది. తెలిసిన గ్రీకు కథలన్నీ అయిపోతే కొత్తది కల్పించమని కొడుకు అడిగాడట. చరిత్రగా దీనికి విలువ లేదు. కాని మేము పరిశీలించినవాటిలో, ఎదుట ఉన్న ఒక పిల్లవాడికోసం పుట్టినది ఇదొక్కటే.

ఇక్కడే అసలు సంగతి ఉన్నది. ఈ గ్రంథాలలో కంఠం తిరిగి వచ్చింది, శ్రోత తిరిగి రాలేదు. అవ్‌దో ఎదుట కూర్చున్నవారి మొగాలు చూసి కథ పెంచాడు. ఫ్రై ఎదుట గాజుగది, ఒక యంత్రం మాత్రమే. బుర్రకథలో వంత పాడేవాడు మధ్యలో అడ్డుపడి, అదెట్లాగన్నా అని అడుగుతాడు, జనంలో అందరి అనుమానమూ ఆ ఒక్కడు అడిగినట్లవుతుంది. యంత్రాన్ని ఎవరూ అడగలేరు.

మన ఇళ్ళలో ఇంకొక చిక్కు ఉన్నది. రెండు మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడినవారి పిల్లలలో చాలమందికి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. బడిలో కన్నడమో, తమిళమో, ఒరియానో, మరాఠీయో, వాటితోపాటు ఇంగ్లీషు. అవ్వ మాట్లాడితే అర్థమవుతుంది, అవ్వ ఉత్తరం చదవలేరు. ఇటువంటివారికి తెలుగు పుస్తకం ఇచ్చి ప్రయోజనం లేదు. తెలుగు కంఠం ఇస్తే ప్రయోజనం ఉన్నది. ఇంగ్లీషువారు తమవి కాని గ్రీకు కథలకు ఇంతటి నటులను, ఇంతటి శ్రద్ధను వెచ్చించారు. మనకు పెట్టుబడి లేకపోతే పోనీ, ఫోనులో మాట పట్టే సదుపాయం ప్రతి ఇంటా ఉన్నది. హోసూరు అవ్వ చెప్పే కథలో కన్నడం, తమిళం కలిస్తే కలవనివ్వండి. బరంపురం తాతగారి మాటలో ఒరియా తొంగిచూస్తే దాన్ని దిద్దనక్కరలేదు. కథ చెప్పేటప్పుడు ఒక పిల్లవాణ్ణి ఎదుట కూర్చోబెట్టటం మాత్రం మరువకూడదు. పట్టిన మాటలో వాడి ఊఁ కూడ పడాలి.

ఈలోగా పిల్లలచేత ఆ ఇంగ్లీషు కథలు మాన్పించవలసిన పని లేదు. ఎనిమిదేళ్ళు దాటినవారికి గేమన్ లో థార్ పెళ్ళి, తోడేలు, రాక్షసుల కోట కథలను పెద్దవారు ముందు విని ఏరి ఇవ్వవచ్చు. ఫ్రైని పన్నెండు దాటాక, పక్కన ఒకరు ఉండగా వినిపించవచ్చు. మెకెల్లెన్ చదివిన ఒడిస్సీని రోజుకొక సర్గ చొప్పున కుటుంబమంతా వింటే ఇరవై నాలుగు రోజులు పడుతుంది. వేసవి సెలవులకు సరిపోతుంది. సర్సీ కాలేజీ పిల్లలకు. ఒక్కొక్క కథ అయిన తరువాత యంత్రం ఆపి, విన్నది అవ్వకు తెలుగులో చెప్పమని పిల్లవాణ్ణి కూర్చోబెడితే, ఊఁ కొట్టే పని అవ్వది అవుతుంది. అట్లా చేస్తున్న ఇళ్ళలో థార్ సుత్తికి అప్పుడే గద అని పేరు వచ్చింది. ఎద్దును తిన్న పెళ్ళికూతురి దగ్గరికి వచ్చేసరికి, బండెడు అన్నం సంగతేమిటని అవ్వే అడుగుతున్నదట.